మా గడప మట్టం 871

మా నాయన బడికి పోలేదు. అయినా మా గడప సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో ఆయనకు తెలుసు: 871 అడుగులు. శ్రీశైలం ముంపు కొలవడానికి సోమశిల దిక్కు మా ఊరికొచ్చిన ఓవర్సీరు, మా ఇంట్లో మజ్జిగ తాగి, గడప మీద అంకెల కర్ర నిలబెట్టించి, మిషన్లోంచి చూసి చెప్పాడు. డ్యాం నిండు మట్టం 885. అంటే గడప మీద పద్నాలుగు అడుగుల నీళ్లు. నాయన ఆ అంకెను దూలం మీద బొగ్గుతో రాయించాడు. 1981లో ఊరు వదిలినప్పుడు దూలం కూడా మాతో బండెక్కింది.

"సముద్రమేడ, మనమేడ?" అని ఓవర్సీరును అడిగిండంట. దానికి జవాబు నేను లెక్కల పంతులునయ్యాకే దొరికింది.

1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టిన మహా సర్వే ముఖ్యంగా దూరాలది, కోణాలది. ఎత్తుల కోసం 1858 నుంచి ఇంకో తపస్సు నడిచింది. రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి రాసి సగటు తీశారు. 1909 నాటి లెక్కకు కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఫాల్స్ పాయింట్, ఈ తొమ్మిది రేవుల సముద్రమే సున్నా. అక్కడి నుంచి వెనక కర్ర, ముందు కర్ర చదివి తేడా రాసుకుంటూ, రాళ్ల మీద గుర్తులు చెక్కుతూ మనుషులు నడిచి ఆ సున్నాను దేశం లోపలికి మోసుకొచ్చారు. మా గడప దాకా వచ్చింది ఆ నడకే.

గద్వాల దగ్గర జూరాల డ్యాంకు పోతే నిండు మట్టం 318.516 మీటర్లంటారు. ఆ మూడంకెల దశాంశం ఎందుకో మా పిల్లలతో లెక్క కట్టించేవాణ్ని. సరిగ్గా 1045 అడుగులు! శ్రీశైలం కన్నా నూటఅరవై అడుగులు పైన. వనపర్తి రోడ్ స్టేషన్లో దిగినా ముందు పసుపు బోర్డు మీద సముద్ర మట్టమే చూస్తాను.

అయితే నిలవ నీటి అంకె వరదకు చాలదు. పారే నీరు వాలుగా ఉంటుంది, డ్యాం దగ్గరికన్నా ఎగువన ఎత్తు. 2009 అక్టోబరులో డ్యాం దగ్గర మట్టం 896.5కు చేరింది. ఎగువన అలంపురం మునిగింది, రాజోలి నేతగాళ్ల మగ్గాలు తుంగభద్ర పాలయ్యాయి. ఎగువ ఊళ్లకు ఆ వాలును ముందే లెక్కగట్టి చెప్పాలని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. రేవుల ఆటుపోట్లు నేడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు నిమిషాల్లో అందుతున్నాయి, 2007 నుంచి అక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం నడుస్తోంది. సముద్రం ఒడ్డున చేయగలిగింది నది ఒడ్డునా చేయొచ్చు.

ఎండాకాలం రోజూ పేపర్లో శ్రీశైలం మట్టం చూసేవాణ్ని. 871 కిందికి దిగిందంటే, "నాయనా, గడప తేలింది" అనేవాణ్ని. తువ్వాల భుజాన వేసుకునేవాడు. ఒండ్రులో కట్టెతో పొడుచుకుంటూ పోయి, రాయి తగలగానే ఆగి, చెప్పులు విడిచేవాడు.