గసగసాలు, శెనక్కాయలు, డాలర్లు

మాది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. ఊరంతా శెనక్కాయే వేసేవాళ్ళు. చిన్నప్పుడు నాయన్ని అడిగాను, "వాన రాదని తెలిసీ ప్రతేడూ ఇదే ఎందుకేస్తావు నాయనా?" అని. "ఇంకేదేసినా అప్పు పుట్టదురా" అన్నాడు. విత్తనానికి మండీ వ్యాపారి డబ్బిస్తాడు, కాయలు ఆయనకే తోలాలి. పంట పోతే బాకీ మరుసటేటికి పోతుంది, వడ్డీతో సహా.

ఆ మాట విలువ నాకు ఆఫ్ఘనిస్తాన్ నల్లమందు చరిత్ర చదివాక అర్థమైంది.

అక్కడ ఇదే పద్ధతి పేరు సలాం. చలికాలంలో తినడానికి లేనప్పుడు వ్యాపారి ముందే డబ్బిస్తాడు, కోతకొచ్చాక నల్లమందు తక్కువ రేటుకి తీసుకుంటాడు. సరుకు ఏళ్ళ తరబడి చెడదు, రోడ్డు లేని ఊరి నుంచి కూడా మోసుకుపోవచ్చు. గోధుమకి ఈ సౌకర్యాలేవీ లేవు. అంటే రైతు గసగసాల మొక్క వేసేది నేరబుద్ధితో కాదు, అప్పు దొరికే పంట అదే కాబట్టి.

మరి దాతలేం చేశారు? 2002లో బ్రిటన్ ముందుండి, పంట పీకేస్తే పరిహారం అంది. ఆ డబ్బు చాలామందికి చేరనేలేదు. వస్తుందన్న ఆశతో కొందరు కొత్తగా వేశారు కూడా! 2002 నుంచి 2017 దాకా అమెరికా ఒక్కటే మత్తుమందుల నియంత్రణకి అక్కడ 862 కోట్ల డాలర్లు కేటాయించింది. ఈ లెక్క వాళ్ళ ప్రభుత్వ తనిఖీ సంస్థదే. 2002లో 74 వేల హెక్టార్లున్న సాగు 2017కి 3 లక్షల 28 వేలైంది. బగ్ ఫిక్స్ చెయ్యమని బడ్జెట్ ఇస్తే బగ్గులు నాలుగింతలైనట్టు. అదే ఏడు నవంబర్లో మట్టిగోడల ల్యాబుల మీదికి ఎఫ్-22 విమానాల్ని కూడా పంపారు.

నా దృష్టిలో అసలు తప్పు కొలతలో ఉంది. ఎన్ని ఎకరాలు పీకారు, ఎన్ని కిలోలు పట్టారు అని లెక్కేశారు. రైతు అప్పు తీరిందా అన్నది మాత్రం రిపోర్టులో పెద్ద అంకె కాలేదు.

"తాలిబాన్లు ఆపేశారుగా?" అంటారేమో. నిజమే. 2022 ఏప్రిల్లో నిషేధించారు, 2023కి సాగు 10,800 హెక్టార్లకి పడిపోయింది. కానీ ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం రైతుల ఆదాయం 136 కోట్ల డాలర్ల నుంచి 11 కోట్లకి పడింది. పంట ఆగింది, ఆకలి ఆగలేదు.

విదేశీ డబ్బంతా దండగని నేననను. 1969లో ఫెర్రర్ గారు అనంతపురం వచ్చారు. స్పెయిన్ దాతల డబ్బుతో ఆయన సంస్థ బత్తలపల్లిలో కట్టిన ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. తేడా ఏంటంటే, ఆయన ఇక్కడే ఉండి, ఇక్కడే పోయారు. మనవైపు పరిస్థితి కళ్ళారా చూశారు.

ఇప్పుడు మా పొలంలో కొంత చీనీ తోట ఉంది. శెనక్కాయని ఎవరూ తగలబెట్టలేదు, బాంబులూ వెయ్యలేదు. సబ్సిడీలో డ్రిప్పు వచ్చింది, కాయలు కొనేవాళ్ళు తోట దగ్గరికే వచ్చారు, నాయన మారాడు. బోరు ఎన్నాళ్ళుంటుందో తెలీదు, అది వేరే భయం.

2022 ఫిబ్రవరిలో మన పోలీసులు దాదాపు 2 లక్షల కిలోల విశాఖ ఏజెన్సీ గంజాయి తగలబెట్టారు. టీవీలో ఆ మంటలు చూస్తూ నేననుకున్నది ఒకటే: అక్కడి గిరిజన రైతుకి మరుసటేడు అప్పెవరిస్తారు?