కుంపటికి కిలో రేటా?

పోయిన సంక్రాంతికి కర్నూలు వెళ్ళేసరికి, మా అవ్వ పోత ఇనుము కుంపటిని పాత సామాన్లాయన తూకం వేస్తున్నాడు. టైముకి వెళ్ళాను కాబట్టి దక్కింది. "దాన్ని ఏం జేసుకుంటావు రా?" అంది అవ్వ. నిజం చెప్పొద్దూ, నాకూ తెలీదు.

ఇంగ్లండులో పాత ఇళ్ళు కొన్నవాళ్ళు గోడల్లో మూసేసిన పోత ఇనుము ఫైర్‌ప్లేసుల్ని మళ్ళీ బయటికి తీసి, తుప్పు గీకి, నల్లగా మెరిపించుకుంటారు. 1952 డిసెంబరులో బొగ్గు పొగ లండన్‌ని కమ్మేసి వేలమందిని చంపింది. 1956లో పొగ మీద చట్టం వచ్చింది. ఆ తర్వాత చాలా ఇళ్ళలో అవి మూలపడ్డాయి. మన ఎండల్లో ఫైర్‌ప్లేసు ఎవడిక్కావాలి గానీ, కుంపటి కథ కూడా అచ్చం ఇదే. 1999లో దీపం పథకం వచ్చింది, ఇంటింటికీ గ్యాసు వచ్చింది, కుంపటి పెరట్లోకి పోయింది.

అసలు ఇనుము మనకి కొత్తేం కాదు. కాకపోతే మన పాత కొలుముల్లో అది కరిగి పారేది కాదు. ఖనిజం, బొగ్గు కలిపి తిత్తులు ఊదితే ఎర్రటి ముద్ద దిగేది. దాన్ని సమ్మెటతో కొట్టి కొట్టి నాగలి కర్రో కత్తో చేసేవాళ్ళు. శుద్ధమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. అదే 4 శాతం దాకా కార్బన్ పట్టిస్తే 1150 దగ్గరే కరిగి అచ్చులోకి పారుతుంది. చైనావాళ్ళు ఈ కిటుకుని 2 వేల యేళ్ళకి ముందే పట్టేశారు. ఇంగ్లండులో 1709లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు బదులు కోక్ వాడాక పోత ఇనుము చవకవుతూ వచ్చింది. మన వైపు 1830లో హీత్ అనే ఆయన తమిళ తీరంలో పోర్టో నోవో దగ్గర పెద్ద ఇనుప కర్మాగారం పెట్టాడు గానీ అది నిలవలేదు.

1871లో మద్రాసు రైలు కడప, గుత్తి మీదుగా రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. రైలెక్కి సీమ ఇనుము దిగింది (ఇక్కడ సీమంటే మనం కాదండోయ్, ఇంగ్లండు :)). 1882 మద్రాసు అడవుల చట్టంతో బొగ్గు కాల్చుకోవడమూ కష్టమైంది. మన కొలుములు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. ఎవరూ చట్టం చేసి మూయించలేదు, గిట్టక మూసుకున్నారంతే. అవ్వ కుంపటి ఆ తర్వాత వచ్చిన పోత ఇనుము సంతానమే.

ఇక బాగుచేయడం. పోత ఇనుముకి కార్బన్ ఎక్కువ కాబట్టి పెళుసు, సుత్తి తగిలితే పగుల్తుంది. అందుకని ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, గరుకు కాగితం పట్టి, తుడిచి ఎండలో పెట్టాను. తర్వాత బుడ్డల నూనె పల్చగా రాసి కాల్చాను. రెండుసార్లకి నల్లగా తేలింది. ఒక పక్కన పగులు అలాగే ఉంది. ఎవరైనా చేస్తే ఆరుబయటే చేయండి. మూసిన గదిలో బొగ్గులు వెలిగిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన కూడా ఉండదు, ప్రాణం తీస్తుంది.

సాయంత్రం మిద్దె మీద టీ పెడదామంటే బొగ్గులు ఎంతకీ అంటుకోవు. అవ్వ మెట్లెక్కి వచ్చి, కింద బూడిద నోట్లోంచి పుల్లతో రెండుసార్లు కెలికి, విసనకర్ర అందుకుంది. "ఇరవై యేండ్లు ఊదినా దీన్ని. ముచ్చట నీకేలే, నాకు కాదు," అంది. టీ మాత్రం తనే కాచింది.