పసిడియు, ఇల్లాలి యుత్తరమును

పసిడి పేరు విని పురుషుడు ఇల్లు విడుచుట లోకమున క్రొత్త గాదు. ఆ యింట మిగిలిన యిల్లాలి మాటను చరిత్రకారులు విచారించుట మాత్ర మరుదు.

1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారము బయల్పడెను. మరుసటి యేట ఏప్రిలులో న్యూయార్కు రాష్ట్రమునందలి యంగ్స్‌టౌనునుండి విలియం స్వేన్ అను గృహస్థుడు భార్య సబ్రీనాను, పసికూతును విడిచి బయలుదేరెను. నెలలకొలది ప్రయాణము చేసి, ఫెదరు నదీతీరమున శ్రమించి, 1851లో మరల నిల్లు చేరెను. తెచ్చిన బంగార మాశించినదానికంటె మిక్కిలి స్వల్పము. అయినను సబ్రీనా తన బెంగను, అతడు వెడలినందుకు గలిగిన విచారమును స్వహస్తముతో వ్రాసి పంపెను. ఆ దంపతుల లేఖలు 1981లో గ్రంథస్థములయ్యెను.

ఇక మన దేశమును జూతము. నంద్యాల, ఆళ్లగడ్డలు చేరియుండిన నాటి కర్నూలు మండలమున, 1876-78 నాటి మహాక్షామము వలన 1871కిని 1881కిని నడుమ జనసంఖ్య యించుమించు నాలుగవ వంతు తగ్గెను. అట్టి కరవుసీమలలో పొట్ట చేతబట్టుకొని పరస్థలములకు బోవుట పరిపాటి. 1880 తరువాత కోలారు పసిడిగనులు వృద్ధినొందగా, చిత్తూరు ప్రాంతపు తెలుగువారు పెక్కుమంది యచట కూలికి జేరిరి. 1879లో పావు అణా కార్డును, 1880లో మనియార్డరును వచ్చినవి. భర్త సొమ్ము భార్యకు జేరుటకు మార్గ మేర్పడెను. భార్య మనసు భర్తకు జేరుటకో? 1901లో హిందూదేశమున నూరుగురు స్త్రీలలో ఒక్కతెకైనను చదువు లేదు. కార్డు చదువుటకు తపాలా బంట్రోతు, బదులు వ్రాయుటకు కరణము! అత్తవారి యారళ్లనుగాని, తన యొంటరితనమునుగాని పరపురుషుని యెదుట నెట్లు చెప్పగలదు? "అందరము క్షేమము" అని వ్రాయించి యూరకుండవలసినదే.

ఇది గతించిన కథ యనుకొనరాదు. 2011 జనాభా లెక్కలలోను, నంద్యాల, ఆళ్లగడ్డలతో గూడిన యప్పటి కర్నూలు జిల్లాలో ఏడేండ్లు నిండిన స్త్రీలలో ఇంచుమించు సగము మందికి మాత్రమే యక్షరజ్ఞానము. ఫోను చేతనుండగా ఉత్తరమేల యని కొంద రందురు. మాట గాలిలో గలసిపోవును. పొలము పట్టాపై, బ్యాంకు కాగితముపై వేసిన వ్రేలిముద్ర నిలిచిపోవును. అందేమి యున్నదో చదువలేని యామెకు ఇతరుల మాటయే ప్రమాణము.

ఆడబిడ్డకు తులము బంగారము పెట్టుటకై అప్పుచేయు తల్లిదండ్రులారా! ఆ నగ కష్టకాలమున కుదువకు బోవును. చదువు కుదువకు బోదు. ముందుగా నద్దానిని పెట్టుడని మా మనవి.