అద్దం పగలక ముందే

మన భాషలో చేతికి వేసుకునేవీ గాజులే, కిటికీకి బిగించేదీ గాజే. అందుకేనేమో, గాజు సంగతి ఆడవాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పని లేదు. చేతి గాజు మీద సన్నటి జీర కనిపిస్తే చాలు, అది చిట్లి మణికట్టుని గీరకముందే తీసి పక్కన పెట్టేస్తాం. అమ్మమ్మ నాటి జాడీ అయినా సరే, బీట పడిందంటే దాన్లో ఆవకాయ పెట్టం. అదేమిటో గాని, కారు ముందు అద్దం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో మగవాళ్ళు "ఇంకా పగల్లేదుగా, పగిలినప్పుడు చూద్దాం లెండి" అంటారు. ఆ కారు పాతదీ, కాస్త షోకైనదీ, దానిమీద మమకారం పెంచుకున్నదీ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

పాత కారుకి అద్దం మార్చే వేళ వచ్చిందో లేదో తెలియాలంటే ఆ అద్దం పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలియాలి. వంశం తెలిస్తేనే కదండీ గుణం తెలిసేది!

మొదట్లో కార్లకి అద్దమే లేదు. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్‌కి ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల బండిలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్ళింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. వెళ్ళింది ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! ప్రపంచంలో కారు మీద జరిగిన తొలి దూరప్రయాణం పుట్టింటి ప్రయాణమేనన్నమాట. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుందట మహాతల్లి. అయితే ఆవిడ ముఖానికి అడ్డంగా అద్దం లేదు. గాలీ దుమ్మూ నేరుగా కళ్ళలోకే.

తరవాత చాలా ఏళ్ళు కారెక్కే దొరసానులు టోపీ మీంచి పలచటి మేలిముసుగు వేసుకుని గడ్డం కింద ముడివేసుకునేవారు. మగవాళ్ళు పెద్ద పెద్ద కళ్ళజోళ్ళు తగిలించుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ముందు అద్దం బిగించడం మొదలయింది. అది ఇంటి కిటికీకి వేసే మామూలు గాజు. గాలి ఆగింది కాని, కొత్త ప్రమాదం వచ్చిపడింది. కారు దేన్నైనా గుద్దుకుంటే ఆ గాజు కత్తుల్లాంటి ముక్కలై లోపలివాళ్ళ మీదే పడేది.

దీనికి విరుగుడు పారిస్‌లో దొరికింది. ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అని ఒకాయన. చిత్రకారుడు, రసాయనశాస్త్రం కూడా తెలిసినవాడు. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె పైనుంచి కింద పడిందట. నిలువెల్లా చిట్లింది గాని ముక్కలు మాత్రం విడిపోలేదు. ఏమిటా వింత అని చూస్తే, ఎప్పుడో అందులో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రవం ఆరిపోయి, లోపల పలచని పొర కట్టి ఉంది. గంజి ఆరిన గిన్నెకి పొర అంటుకున్నట్టన్నమాట. ఆ పొరే ముక్కల్ని పట్టి ఉంచింది. రెండు గాజు పలకల మధ్య అలాంటి పొర పెట్టి అతికిస్తే పగిలినా చెదరదని ఆయనకి తోచింది. 1909లో పేటెంటు తీసుకుని, మూడు పొరలుంటాయి గనక దానికి ట్రిప్లెక్స్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల నుంచి కాపాడే ముసుగులకి కళ్ళ దగ్గర ఈ గాజే వాడారు. 1920ల చివర ఫోర్డు తన మోడల్ ఏ కారుకి ముందు అద్దంగా పెట్టాడు. మొదటి రకంలో లోపలి పొర ఎండకి పచ్చబడిపోయేది. 1930ల చివర్లో అంతకంటే మెరుగైన, రబ్బరులా సాగే పాలీవినైల్ బ్యుటిరాల్ పొర వచ్చాక ఆ బాధ తగ్గింది. దీన్నే ఇవాళ లామినేటెడ్ అద్దం అంటున్నాం.

ఇదొక వంశం. రెండో వంశం కథ ఇంకా పాతది. 1660ల్లో ఇంగ్లండులో రెండవ చార్లెస్ రాజుగారి ఆస్థానంలో ఒక గాజు బొట్టు పెద్ద వినోదం. కరిగిన గాజుని చన్నీళ్ళలో బొట్టుగా జారవిడిస్తే సన్నటి తోకతో గడ్డకడుతుంది. రాజుగారి బంధువు ప్రిన్స్ రూపర్ట్ తెచ్చాడు గనక ఆయన పేరే దానికి పెట్టారు. బొట్టు తల మీద సుత్తితో కొట్టినా పగలదు. తోక చివర కాస్త తుంచితే మాత్రం మొత్తం బొట్టు ఒక్కసారిగా పొడి అయిపోతుంది. పైభాగం ముందు చల్లారి గట్టిపడి, లోపలి భాగం తరవాత చల్లారుతూ లోపలికి లాగుతుంది. పైకి నిబ్బరం, లోపల ఎడతెగని బిగువు. ఇలాంటి మనుషుల్ని కూడా మనం చూస్తూనే ఉంటాం!

ఆ సూత్రం మీదే 1874లో ఫ్రాన్సులో డి లా బాస్తీ అనే ఆయన కాగిన గాజుని వేడి నూనెలో ముంచి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. మనం బూరెలు వేసినట్టేననుకోండి. తరవాత నూనె పోయి గాలి వచ్చింది. గాజుని ఆరువందల డిగ్రీలు దాటించి కాచి, రెండు వైపులా చల్లటి గాలి కొడతారు. ఇదే టఫెన్డ్ అద్దం. మామూలు గాజుకంటే నాలుగైదు రెట్లు గట్టిది. పగిలితే కత్తుల్లా కాకుండా పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. ఎన్నో కార్లకి ఒకప్పుడు ముందు అద్దంగా దీన్నే పెట్టేవారు. వచ్చిన చిక్కల్లా, ఒక్క గులకరాయి తగిలినా అద్దమంతా ఒక్క క్షణంలో సాలెగూడులా తెల్లబడిపోతుంది. ఎదర రోడ్డు మాయం. పాత రోజుల్లో డ్రైవర్లు పిడికిలితో గుద్ది కన్నం చేసుకుని, ఆ కన్నంలోంచి చూస్తూ బండి పక్కకి తీసేవారు.

ఈ రెండు వంశాల తేడా మనసులో పెట్టుకోండి. లామినేటెడ్ అద్దం బీట వేసి ముందుగా చెబుతుంది. టఫెన్డ్ అద్దం ఏమీ చెప్పదు. ఉన్నన్నాళ్ళు ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

మధ్యలో ఇంకొక ఆడకూతురి మాట చెప్పి తీరాలి. అమెరికాలో అలబామా నుంచి న్యూయార్కు వెళ్ళిన మేరీ ఆండర్సన్, చలికాలంలో ట్రాములో కూచుని, మంచు పడుతుంటే డ్రైవరు దారి కనబడక అద్దం తెరిచి చూడడం గమనించింది. లోపల కూచునే తిప్పేలా ఒక పిడికి రబ్బరు పట్టీ అమర్చి, 1903 నవంబరులో పేటెంటు తీసుకుంది. అదే మన వైపర్. 1905లో ఒక కెనడా కంపెనీ, దీనివల్ల వ్యాపారం ఏమీ ఉండదని తిప్పి పంపింది. పేటెంటు గడువు తీరిపోయాక ప్రతి కారుకీ వైపర్ వచ్చింది గాని ఆవిడకి చిల్లిగవ్వ రాలేదు. అమెరికావాళ్ళు తమ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆవిడ పేరు చేర్చింది 2011లో! ఇంత మేలు చేసే వైపరే, ఎండిన దుమ్ము మీద తిప్పితే గాజుని గరుక్కాగితంలా గీకేస్తుంది. అద్దం మీద కనిపించే ఆ విసనకర్ర గీతలు దాని చేతివాటమే.

ఇక మా ఇంటి సంగతికొస్తాను. మా చిన్నాన్న కొడుకు దగ్గర వాళ్ళ నాన్న కొన్న స్టాండర్డ్ హెరాల్డు ఉంది. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డుగా వచ్చిన బండి అది. ఇటలీకి చెందిన మికెలాటి గీసిన రూపం. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. అంబాసిడర్లూ ఫియట్లూ తిరిగే రోడ్ల మీద, రెండే తలుపులతో, ముందు భాగం మొత్తం మొసలి నోరులా పైకి లేచే ఈ కారు కనిపిస్తే కాలేజీ కుర్రాళ్ళు ఆగి చూసేవారు. దీని చట్రాన్నే కురచచేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంచేత దీనికి ఆ రక్తం ఉందని మావాడి గర్వం.

ఆదివారం ఆదివారం వాళ్ళమ్మని, అంటే మా పిన్నిని, ఎక్కించుకుని రాజమండ్రి నుంచి హైవే మీద తిప్పుతాడు. అద్దం మార్చమని ఎవరన్నా అంటే ఒకటే పాట: "అక్కా, అది కంపెనీ అద్దం. మూలన ముద్ర చూడు. నాన్న చేత్తో తుడిచిన అద్దం. ఒక్క పగులు లేదు. ఎందుకు మార్చాలి?"

వాడి మాటలోనూ న్యాయం ఉంది. పాత కార్లని ప్రేమించేవాళ్ళకి అసలు అద్దం అంటే అసలు అద్దమే. కాని ఒకరోజు నేనూ వెనక సీట్లో ఉన్నాను. చీకటిపడ్డాక ఎదురుగా కంకర లారీ లైట్లు వేసుకుని వస్తోంది. పిన్ని మెల్లగా అంది: "ఒరే నాన్నా, లైటు పడితే నాకు రోడ్డు కనబడ్డం లేదు. తెల్లటి తెర కనిపిస్తోంది. నాకు శుక్లాలు తీసి ఏడాదైంది, కళ్ళు బాగున్నాయని డాక్టరే చెప్పాడు. నీకేం కనిపిస్తోంది?" మావాడు జవాబు చెప్పలేదు. కారు మాత్రం నెమ్మదించాడు.

శుక్లాలు పిన్ని కళ్ళకి కాదు, అద్దానికే వచ్చాయి. షోకు కార్లలో సీటు కిందికి ఉంటుంది. ఎదుటి బండి లైటు సూటిగా కళ్ళ ఎత్తునే తగులుతుంది. ఏళ్ళ తరబడి ఇసుక కొట్టిన గాజులో ప్రతి సన్నటి గుంటా ఆ వెలుగుని చెదరగొట్టి తెర కట్టేస్తుంది. పగటిపూట చూస్తే అద్దం నిక్షేపంలా ఉంటుంది.

మర్నాడు మెకానిక్కు దగ్గరికి మేమూ వెళ్ళాం. పెద్దాయన, పాత బండ్లు ఎరిగినవాడు. మొదట మూలన ముద్ర చదివాడు. టఫెన్డ్. తరవాత వైపర్ గీతల మీద అడ్డంగా గోరు నడిపాడు. గోరు తట్టుకుంది. "గోటికి అందిన గీత పాలిష్‌కి పోదమ్మా. పోగొట్టాలని అరగదీస్తే బొమ్మ వంకర్లు పోతుంది" అన్నాడు. ఆపైన రబ్బరు బీడింగు నొక్కి చూశాడు. అది ఎండి బిరుసెక్కింది. కింద వాననీళ్ళు దిగి రేకు తుప్పు పట్టడం మొదలైంది. మావాడు చివరి ప్రయత్నంగా "పగుల్లేదు కదండీ" అన్నాడు. "దీనికి పగులంటూ ఉండదు బాబూ. ఉంటే అద్దమే ఉండదు" అన్నాడాయన. ఆ ఒక్క ముక్కతో మావాడు దారికొచ్చాడు.

అదే లామినేటెడ్ అద్దమైతే లెక్క వేరు. రాయి తగిలి చిన్న గుంట పడితే జిగురు నింపి ఆపొచ్చు. ఈ విద్య 1970లలో అమెరికాలో మొదలైంది. బ్రిటన్‌లో పాత కార్లకి ఏటా చేసే పరీక్షలో, డ్రైవరు కళ్ళకి ఎదురుగా 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో 10 మిల్లీమీటర్లకి మించిన దెబ్బ ఉంటే కారుని తప్పిస్తారు. వైపర్ తుడిచే మిగతా భాగంలో 40 దాకా ఊరుకుంటారు. గీత అంచుదాకా పాకినా, అంచుల్లో పొర విడి పాలలా తెల్లబడి లోపలికి వస్తున్నా మార్చడమే మంచిది. మన దేశంలో 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నాయి. తరవాత తయారయ్యే కార్లకి ముందు అద్దం లామినేటెడ్ ఉండాలన్న షరతూ వచ్చింది. చట్టం అడిగేది కూడా చూపు గురించేనన్నమాట.

మావాడు నాలుగూళ్ళు వెతికించి లామినేటెడ్ అద్దం తెప్పించాడు. బిగించడం చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొత్త బీడింగు అంచులో తాడు దోపి, సబ్బునీళ్ళు రాసి, బయట ఇద్దరు అద్దాన్ని నొక్కి పట్టుకుంటే, లోపలినుంచి పెద్దాయన తాడు లాగుతూ పోయాడు. లంగాకి బొందు ఎక్కించినట్టు రబ్బరు అంచు చట్రం మీదికి తనంతట తనే సర్దుకుంది. పాత అద్దాన్ని పారేయలేదు. దుప్పటిలో చుట్టి అటక మీద పెట్టారు. చిన్నాన్న జ్ఞాపకానికి అక్కడ దుమ్ము పట్టినా ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉండి, అద్దం సంగతి తేలకుండా ఉంటే, కొట్లాట పెట్టుకోకండి. అద్దం లోపలా బయటా శుభ్రంగా తుడిపించండి. పొద్దు వాలేవేళ కారుని పడమటి ముఖంగా నిలబెట్టి, ఎండ నేరుగా అద్దం మీద పడనివ్వండి. పక్క సీట్లో పెద్దవాళ్ళని కూచోబెట్టి ఎదర ఏం కనిపిస్తోందో అడగండి. చెట్టు, మనిషి, మైలురాయి అని వరసగా చెబితే ఇంకొన్నాళ్ళు ఆగవచ్చు. "అంతా తెల్లగా ఉందమ్మా" అన్నారంటే, ఇక పగులు కోసం ఎదురుచూడకండి.