చెరువుకీ నాడి ఉంటుంది

అద్దంకి అనగానే మీకు పండరంగని శాసనమో, ఎర్రనగారో గుర్తొస్తారు. నాకు పక్కనే పారే గుండ్లకమ్మ గుర్తొస్తుంది. ఏటికీ, చెరువుకీ ఒంట్లో బాగుందో లేదో తెలిసేదెలా?

మన పెద్దలకి ఆ ధ్యాస లేకపోలేదు. కడప సీమలో 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం మంచి చెరువుకి 12 అంగాలూ, చెడగొట్టే 6 దోషాలూ ఏకరువు పెట్టింది. కట్ట కారడం, నేల చవుడు కావడం దోషాలట! అయితే అది కట్టేవాడి లెక్క. నీళ్లని నమ్ముకున్న ప్రాణుల లెక్క కాదు.

ఆ లెక్క మొన్నమొన్నటిది. 1987 నుంచి మన దేశంలో ఏటా జనవరిలో నీటిపక్షుల్ని లెక్కిస్తున్నారు. ఒక్క ఏడు తగ్గితే వానలు లేక కావచ్చు. అదే చోట, అదే నెలలో, ఏళ్ల తరబడి తగ్గుతూ పోతే అది జబ్బే. పిల్లాడి జ్వరం ఒక్కసారి చూసి ఊరుకుంటామా? పూటపూటకీ రాసుకోమూ?

కొల్లేటిని చేపల చెరువులు ఆక్రమించాక, 1999లో అభయారణ్యమన్నారు, 2006లో గట్లు కొట్టించారు. మొదట్లోనే నాడి పట్టుకుని వైద్యం చేసుంటే అంత కోత అవసరమయ్యేదా? రాజుల పేర్లు రాతిమీద చెక్కుకున్నాం. గుండ్లకమ్మలో ఏ చేప మిగిలిందో, ఏ కొంగ వాలిందో కూడా ఏటా రాసుకుందాం. ఏమంటారు?