విమానం కిటికీ – కెమెరా కన్ను

ఆకాశం నుంచి నేలను చూడాలన్న కోరిక మనిషికి ఈనాటిది కాదు. లంక నుంచి పుష్పక విమానంలో తిరిగివస్తూ శ్రీరాముడు సీతమ్మకు సేతువునూ కిష్కింధనూ చూపించాడని రామాయణం చెబుతుంది. అయితే అలా చూసిన దృశ్యాన్ని ఇంటికి తెచ్చుకొని నలుగురికీ చూపించడం ఫొటోగ్రఫీ వచ్చాకనే సాధ్యమైంది. మన సభ్యులలో చాలామంది పిల్లల దగ్గరకు విమానాల్లో వెళ్ళివస్తున్నారు కనుక ఈ చరిత్రను ఒకసారి తిరగేయడం అందరికీ ఉపయోగమే.

1858లో నాడార్ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ పారిస్ సమీపంలో బెలూన్ ఎక్కి మొదటి ఆకాశ చిత్రం తీశాడు. ఆ రోజుల్లో గాజుపలకకు రసాయనం పూసి, అది తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. ఆ పనంతా బెలూన్ బుట్టలోనే చీకటి గుడ్డ కింద జరగాలి! ఆయన తీసిన ఆ చిత్రం నేడు దొరకదు. 1860లో అమెరికాలోని బోస్టన్ నగరంపై జేమ్స్ వాలెస్ బ్లాక్ బెలూన్ నుంచి తీసిన ఫొటోయే ఇప్పుడు మిగిలినవాటిలో పాతది. 1909లో విల్బర్ రైట్ రోమ్ దగ్గర నడిపిన విమానం నుంచి ఏకంగా చలనచిత్రమే తీశారు.

మొదటి ప్రపంచ యుద్ధంతో ఈ సరదా కాస్తా ఆయుధమైంది. శత్రువు కందకాలు ఎక్కడున్నాయో విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి పటాలు గీశారు. దాంతో ప్రభుత్వాలకు కెమెరా అంటే భయం పట్టుకుంది. మన దేశంలో 1934 విమాన చట్టం కింద వచ్చిన 1937 నిబంధనలలో 13వ నిబంధన ప్రకారం, ప్రభుత్వ విమానాశ్రయంలో గాని, ఎగురుతున్న విమానం నుంచి గాని, రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ఫొటో తీయరాదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ నిబంధన కొనసాగింది. అంటే పర్యాటకుడు ముచ్చటపడి ఒక మబ్బును ఫొటో తీసినా, చట్టం దృష్టిలో అది అనుమతి కావలసిన పనే.

మరోవైపు పైనుంచి తీసిన చిత్రాల విలువ రోజురోజుకూ పెరిగింది. 1968 డిసెంబరు 24న అపోలో-8 కిటికీ నుంచి బిల్ ఆండర్స్ తీసిన ఫొటోలో, చంద్రుడి అంచు మీద మన భూమి నీలి బంతిలా ఉదయించింది. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి మన దేశాన్ని ఫొటోలు తీశారు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ విమానాల నుంచి, ఉపగ్రహాల నుంచి వచ్చిన చిత్రాలతో పంటలకూ వరదలకూ లెక్కలు కట్టింది. 2008లో దాని పేరులో ‘ఏజెన్సీ’ పోయి ‘సెంటర్’ వచ్చింది.

ప్రయాణికులకు వెసులుబాటు 2004 డిసెంబరులో వచ్చింది. మామూలు ప్రయాణికుల విమానంలో కూర్చుని, విమానం లేచేటప్పుడూ, దిగేటప్పుడూ, ఎగిరేటప్పుడూ ఫొటోలు తీసుకోవచ్చని పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ సర్క్యులర్ ఇచ్చింది. 2020 సెప్టెంబరులో ఒక విమానంలో జరిగిన తోపులాట తరువాత అదే విషయాన్ని మళ్ళీ స్పష్టం చేస్తూ, భద్రతకు భంగం కలిగించే విధంగా గాని, సిబ్బంది వద్దన్నప్పుడు గాని తీయరాదని చెప్పింది. రక్షణశాఖ విమానాశ్రయాల సంగతి వేరు. 2025 మే నెలలో, ముఖ్యంగా పశ్చిమ సరిహద్దు వైపు అలాంటి చోట్ల, విమానం 10,000 అడుగుల ఎత్తుకు చేరేదాకా కిటికీ తెరలు దించి ఉంచాలని ఆదేశాలు వచ్చాయి. మన విశాఖ విమానాశ్రయం కూడా ఏళ్ళ తరబడి నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. డేగాలోనే నడిచిందని మరవకూడదు. కనుక సిబ్బంది ప్రకటన విన్నాకనే కెమెరా తీయడం మేలు.

ఇక ఫొటో బాగా రావాలంటే రెక్కకు ముందుగాని, బాగా వెనుకగాని సీటు అడగండి. ఎండ పడని వైపు కిటికీ మంచిది. ఫ్లాష్ వేస్తే అద్దంలో ఆ వెలుగే తిరిగి కనిపిస్తుంది. కెమెరాను అద్దానికి దగ్గరగా పెట్టండి గాని ఆనించకండి. ఆనిస్తే విమానం అదురుకు బొమ్మ కూడా అదురుతుంది.

గోదావరి లంకలు, కొల్లేరు, ఊరి చెరువులు ఏటేటా రూపు మారుతూనే ఉన్నాయి. ఈరోజు మీరు సరదాకు తీసిన ఫొటో పాతికేళ్ళ తరువాత, ఇక్కడ ఒకప్పుడు చెరువు ఉండేదని సాక్ష్యం చెప్పవచ్చు. అందుకే ప్రతి ఫొటోకూ తేదీ, ప్రదేశం రాసి పెట్టండి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళ మీద తేదీ వేయకుండా సంతకం చేయని మనకు ఇది కొత్త అలవాటు కాదు కదా!