విండ్సర్ గుడి ముచ్చట్లు

ఆ కుంపటి కొంచెం ఇటు జరిపి, నువ్వూ దగ్గరికి జరుగు బిడ్డా. ఫోను పక్కన పెట్టు, అది ఎక్కడికీ పారిపోదు. ఇంగ్లండు రాణిని ఎక్కడ పెట్టారు తాతా అని నిన్న అడిగావు కదా. విండ్సర్ కోటలో, సెయింట్ జార్జి చాపెల్‌లో అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అంతటితో ఊరుకుంటే ఆ గుడికి అన్యాయం చేసినట్టే. తీరిగ్గా చెబుతాను, తీరిగ్గా విను.

మన ఊరి నుంచే మొదలుపెడతాను. 1983 నవంబర్ 20, ఆదివారం. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్‌తో కలిసి మన బొల్లారం వచ్చి, హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థన చేసింది. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు, ముప్పై ఆరోది. సికింద్రాబాదంతా కొన్నాళ్ళు అదే ముచ్చట. ఏ రంగు బట్టలు కట్టింది, టోపీ ఎలా ఉంది, ఎవరికి చెయ్యి ఊపింది అని టీ కొట్ల దగ్గర వాదులాడుకున్నారు. మా అమ్మ మాత్రం బట్టల సంగతి అడగలేదు. "పెళ్ళిరోజు నాడు మొగుణ్ణి వెంటబెట్టుకుని గుడికి పోయిందంటే మంచి ఇల్లాలేరా" అని తీర్పు చెప్పి, పప్పు తాలింపు పెట్టుకోవడానికి లోపలికి పోయింది. ఆ దంపతులిద్దరినీ 2022 సెప్టెంబర్ 19 నాడు విండ్సర్‌లో ఒకే రాతి కింద చేర్చారు. ఆమె తల్లీ తండ్రీ, చెల్లెలి చితాభస్మం కూడా అక్కడే.

ఇక గుడి సంగతి. లండనుకు పడమరగా, రైల్లో గంటలోపు దూరంలో ఉంటుంది విండ్సర్. అక్కడి కోటలో 1348లో మూడో ఎడ్వర్డు రాజు ఒక పూజారుల మఠాన్నీ, దానితోపాటు గార్టర్ అనే వీరుల కూటమినీ పెట్టాడు. ఇప్పుడు మనం చూసే కట్టడం 1475లో నాలుగో ఎడ్వర్డు మొదలుపెట్టింది. పూర్తయ్యేసరికి 1528 వచ్చింది, ఎనిమిదో హెన్రీ రాజ్యం చేస్తున్నాడు. గుడి కట్టడమంటే అంతే బిడ్డా, తాత పునాది వేస్తే మనవడు కలశం ఎత్తుతాడు. ఆ లెక్క ఇక్కడ అక్షరాలా నిజం, నాలుగో ఎడ్వర్డు కూతురి కొడుకే ఈ హెన్రీ.

గార్టరంటే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ. రాజుగారి కొలువులో నాట్యమాడుతుంటే ఒక దొరసాని కాలి పట్టీ జారిపడిందనీ, చుట్టూ ఉన్నవాళ్ళు ముసిముసిగా నవ్వారనీ, రాజు దాన్ని తీసి తన కాలికే కట్టుకుని అందరి నోళ్ళూ మూయించాడనీ కథ చెబుతారు. కథకేం గానీ, ఆ కూటమి ఈనాటికీ ఉంది. రాజు, యువరాజు, రాజకుటుంబంవాళ్ళు, విదేశీ రాజులు కాక ఇరవై నలుగురికే చోటు. ఎంత డబ్బున్నా, ఎంత పలుకుబడి ఉన్నా, ఒకరు పోతేగానీ ఇంకొకరికి ఖాళీ రాదు. ఏటా జూన్‌లో నీలం మఖమలు అంగీలు, ఈకల టోపీలు వేసుకుని కోట పైభాగం నుంచి గుడిదాకా నడుచుకుంటూ వస్తారు. అందులో సగం మంది ముసలివాళ్ళే. ఎండలో ఆ బరువు మోస్తూ, ముఖాన చిరునవ్వు చెరగకుండా నడవడం కూడా ఒక తపస్సే.

గుడి లోపల ఒక్కొక్కరికీ చెక్కిన చెక్కపీట ఉంటుంది. పైన వాళ్ళ జెండా, శిరస్త్రాణం, సగం దూసిన కత్తి. మనిషి పోగానే జెండా, శిరస్త్రాణం, కత్తి అన్నీ దింపేస్తారు. ఒక్కటి మాత్రం ఎవరూ ముట్టుకోరు. పీట వెనక చెక్కకు కొట్టిన చిన్న లోహపు రేకు. దాని మీద మీనా పనితో అతని వంశ చిహ్నం, పేరు. ఆ రేకులు ఏడెనిమిది వందల దాకా ఉన్నాయి, ఆరు వందల ఏళ్ళ నాటివి కూడా వాటిలో ఉన్నాయి. దగ్గరికి పోయి చూస్తే కొన్నింటి మీద ఎరుపు, నీలం నిన్న అద్దినంత మెరుస్తుంటాయి. వాటి పక్కనే కొన్ని నల్లబడి ఉంటాయి.

ఇక్కడ ఒక పిల్లాడి కథ చెప్పాలి. నువ్వు చిన్నప్పుడు మీ బాబాయి పెళ్ళిలో ఏం చేశావో గుర్తుందా? లేదంటావులే, మాకందరికీ గుర్తే. 1863 మార్చిలో విక్టోరియా రాణి పెద్దకొడుకు పెళ్ళి ఈ గుడిలోనే జరిగింది. భర్త పోయి ఏడాది దాటినా రాణి నల్లబట్టలు విడవలేదు. కింద అందరి మధ్యా కూర్చోలేక, పైన ఎనిమిదో హెన్రీ తన మొదటి భార్య కేథరిన్ కోసం కట్టించిన చెక్క గవాక్షంలోంచి కొడుకు పెళ్ళి చూసింది. కింద ఆమె మనవడు, జర్మనీ నుంచి వచ్చిన నాలుగేళ్ళ విల్‌హెల్మ్, ఒక్క క్షణం కుదురుగా లేడు. అల్లరి ఆపమని పట్టుకున్న మేనమామల పిక్కలు కొరికాడు! మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఆ పిల్లాడే పెద్దయి జర్మనీ చక్రవర్తి కైజర్ అయ్యాడు. అమ్మమ్మ దేశం పిలిచి గార్టర్ ఇచ్చింది. 1914లో యుద్ధం వచ్చింది. మరుసటి ఏడు ఈ గుడిలోంచే అతని జెండాను, శత్రుపక్షం రాజుల జెండాలతోపాటు కిందికి దింపారు.

జెండాలైతే దింపారు గానీ రేకులు పీకలేదు బిడ్డా. పేరు చరిత్రలో ఉన్నమాట, దాన్ని పీకే హక్కు కోపానికి లేదన్నమాట. జపాను చక్రవర్తి హిరోహితోదీ అదే కథ. 1941లో జెండా పోయింది, 1971లో ఆయన ఇంగ్లండు వచ్చిన ఏడు మళ్ళీ ఎక్కింది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి.

ఇదంతా గొప్పవాళ్ళ సంగతి. నాకు ఆ గుడిలో అందరికంటే ఇష్టమైనవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళను 'పేద వీరులు' అనేవారు. ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాల్లో శత్రువులకు చిక్కి, విడుదల సొమ్ము కట్టడానికి పొలమూ పుట్రా అమ్ముకుని, ఇంటికొచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వ లేని సిపాయిలు. మూడో ఎడ్వర్డు వాళ్ళకు కోటలోనే నీడ చూపించాడు. పని ఒక్కటే. రోజూ గుడికొచ్చి రాజు కోసం, గార్టర్ వీరుల కోసం ప్రార్థన చెయ్యాలి. వచ్చిన రోజుకు పన్నెండు పెన్నీలు, రాని రోజుకు ఏమీ లేదు. మిగతా ఖర్చులకు ఏడాదికి నలభై షిల్లింగులు. ఆ రోజుల్లో పన్నెండు పెన్నీలంటే ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులైతే పౌను. ఒక కూలివాడు రోజంతా ఒళ్ళు వంచినా ఆ షిల్లింగులో సగం కూడా వచ్చేది కాదు. అంటే ప్రార్థనకు మంచి గిట్టుబాటే! కాలి కీళ్ళు పట్టేసినా, చలి కొరికినా, ఆ ముసలివాళ్ళు హాజరు ఎందుకు తప్పలేదో ఇప్పుడు అర్థమైందా?

తర్వాత మొదటి ఎలిజబెత్ వాళ్ళ సంఖ్యను పదమూడుగా స్థిరపరిచింది. 1833లో నాలుగో విలియం 'పేద' అనే మాట తీసేసి, మిలిటరీ నైట్లు అని పిలవమన్నాడు. ఎర్రకోటు, కత్తి, ఈక పెట్టిన టోపీ ఇప్పించాడు. ఇప్పటికీ రిటైరైన సైనికాధికారులే ఆ పదవిలో ఉంటారు. కోట ప్రాకారాన్ని ఆనుకున్న ఇళ్ళలో కాపురం ఉంటూ, ఆదివారం ఎర్రకోట్లు వేసుకుని వరసగా గుడికి నడిచి వస్తారు. జూన్ ఊరేగింపులో దొరలందరికంటే ముందు నడిచేదీ వాళ్ళే.

ఎక్కడ ఆగాను? ఆ, సమాధుల దగ్గరికి రావాలి.

ఎనిమిదో హెన్రీకి ఇంగ్లండులో ఎవరికీ లేనంత పెద్ద సమాధి కట్టించుకోవాలని మోజు పుట్టింది. తన మంత్రి ఊల్సీ తనకోసం ఇటలీ శిల్పులతో చేయించుకున్న నల్లరాతి తొట్టిని, ఆ మంత్రిని పదవిలోంచి దించేశాక, తనే తీసేసుకున్నాడు. కంచు స్తంభాలన్నాడు, విగ్రహాలన్నాడు. 1547లో కన్నుమూశాడు. లోకం ఉన్నంతకాలం తన ఆత్మకోసం పూజలు జరగాలని వీలునామా రాశాడు. అదే ఏడు కొడుకు రాజ్యంలో అలాంటి పూజలే రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ముగ్గురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు సింహాసనం ఎక్కారు. ఒక్కరు కూడా తండ్రి సమాధి పూర్తి చేయించలేదు. తర్వాత రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో కంచు అమ్మేశారు. ఆ నల్లరాతి తొట్టి చివరికి ఎవరికి దక్కిందో తెలుసా? లండనులో సెయింట్ పాల్స్ గుడిలో నెల్సన్ సేనానికి. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుంది. హెన్రీ మీద ఇప్పుడున్నది నేలకు సమంగా పరిచిన ఒక నల్ల బండ. అదీ 1837లో నాలుగో విలియం దయతలచి వేయించింది.

ఆ బండ కిందే, హెన్రీ, అతని మూడో భార్య జేన్ పక్కన, మొదటి చార్లెస్ ఉన్నాడు. 1649 జనవరిలో పార్లమెంటు తల నరికించిన రాజు. ఎక్కడ పూడ్చాలో తెలియక, వెంట వచ్చిన దొరలు కర్రతో నేల తట్టుకుంటూ పోయి, బోలుగా మోగిన చోట తవ్వించారు. పెట్టె మోసుకొస్తుంటే మంచు కురిసి పైన కప్పిన నల్లగుడ్డ తెల్లబడిపోయింది. రాజు నమ్మిన ప్రార్థనల పుస్తకం చదవడానికి కోట అధికారి ఒప్పుకోలేదు. మంత్రం లేదు, మాట లేదు, అలాగే దించారు.

1813లో కొత్త నేలమాళిగకు దారి తవ్వుతుంటే ఆ గది బయటపడింది. యువరాజు సమక్షంలో వైద్యుడు హాల్ఫోర్డ్ పెట్టె తెరిచి చూశాడు. తల విడిగా ఉంది. అంతటితో మూసేస్తే బాగుండేది. ఆ డాక్టరు మెడ ఎముక ముక్క, ఒక పన్ను, కాసిని గడ్డం వెంట్రుకలు ఇంటికి పట్టుకుపోయాడు! ఆ ఎముకలో ఉప్పు పోసి భోజనాల బల్ల మీద పెట్టేవాడని కూడా చెప్పుకునేవారు. మనిషికి కుతూహలం ఉండొచ్చు గానీ, ఇంత ఉండకూడదు. 1888లో ఆ ముక్కలు తిరిగి వచ్చాయి. నేల పైకెత్తి, కన్నంలోంచి అప్పటి యువరాజు, విక్టోరియా పెద్దకొడుకే, స్వయంగా లోపలికి దించాడు.

పీఠానికి అటొకరు ఇటొకరు ఇద్దరు పగవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్తరాన గుడి కట్టించిన నాలుగో ఎడ్వర్డు, దక్షిణాన అతను సింహాసనం లాక్కున్న ఆరో హెన్రీ. లండన్ టవర్ చెరలో చచ్చిపోయిన ఆరో హెన్రీని జనం పుణ్యాత్ముడన్నారు. 1484లో ఇక్కడికి తెచ్చాక యాత్రికులు విరగబడ్డారు. కానుకలు వేయడానికి పెట్టిన ఇనప హుండీ ఇంకా ఉంది. తలనొప్పి వస్తే ఆయన పాత టోపీ నెత్తిన పెట్టుకుంటే పోతుందని నమ్మేవారట. నవ్వకు! మీ నానమ్మ నీకు దిష్టి తీసిన ఉప్పు మిరపకాయలు లెక్కపెడితే బస్తా నిండుతుంది.

ఇంకో మూలన షార్లట్ యువరాణి స్మారకం. 1817లో పురిట్లో బిడ్డా తల్లీ ఇద్దరూ పోయారు. ఊరూరా జనం చందాలేసి చేయించిన పాలరాతి బొమ్మ అది. కింద ఆమె శవం, నిండా దుప్పటి కప్పి ఉంటుంది. మొహం కనబడదు. ఒక్క చేతి వేళ్ళు మాత్రం దుప్పటి అంచు కింద నుంచి బయటికి వేలాడుతుంటాయి. రాతిలో ఆ వేళ్ళు చూసి నా కళ్ళు చెమర్చాయి. ఆ కాన్పు చేసిన వైద్యుడు మూడు నెలలకే ప్రాణం తీసుకున్నాడు. వారసురాలు పోయిందనగానే, అప్పటిదాకా పెళ్ళి ఊసెత్తని ఆమె చిన్నాన్నలు ముసలితనంలో పడుతూ లేస్తూ పెళ్ళిళ్ళకు పరిగెత్తారు. ఆ హడావుడిలో పుట్టిందే విక్టోరియా.

ఇక ఒకే ఒక్క ముచ్చట మిగిలింది, దీనికోసమే ఇంతసేపు కూర్చోబెట్టాను. 1868లో ఇథియోపియా మీదికి ఇంగ్లీషువాళ్ళు దండెత్తారు. ఫౌజు బొంబాయి నుంచే బయల్దేరింది, మన ఏనుగులు ఫిరంగులు మోశాయి, మన మద్రాసు సాపర్లూ ఆ దండులో ఉన్నారు. మక్దలా కోట పడ్డాక తెవొద్రోస్ రాజు తుపాకీతో కాల్చుకున్నాడు. ఏడేళ్ళ కొడుకు అలెమాయెహును ఇంగ్లండుకు తరలించారు, తల్లి దారిలోనే పోయింది. విక్టోరియా రాణి వాణ్ణి జాలిగా చూసుకుంది, మంచి బడుల్లో వేసింది. కానీ ఇంటికి పోతానని ఏడ్చే పిల్లాడికి బడి ఏం చేస్తుంది? పద్దెనిమిదేళ్ళకే 1879లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. రాణి ఆజ్ఞ మీద ఈ గుడి పక్కనే పూడ్చి, లోపల ఇత్తడి ఫలకం పెట్టించారు. తమ బిడ్డ అస్థికలు తమకివ్వమని ఇథియోపియావాళ్ళు అడుగుతూనే ఉన్నారు. పక్కనున్న వేరేవాళ్ళ సమాధులు కదిలించకుండా తీయడం కుదరదని 2023లో రాజభవనం చెప్పింది.

నా మాట అడిగితే, ఎవరి బిడ్డను వాళ్ళకు అప్పజెప్పాలి. చార్లెస్ ఎముక ముక్క కోసం నేల పైకెత్తినవాళ్ళు, కైజర్ పేరును కూడా చెరపని పెద్దమనసున్నవాళ్ళు, ఈ పని కూడా చెయ్యగలరు.

ఆలోచించి చూడు. హెన్రీ కంచు అమ్ముడుపోయింది, కైజర్ జెండా దిగిపోయింది. రోజుకు పన్నెండు పెన్నీల కూలికి మోకరిల్లిన ముసలివాళ్ళ ఆనవాయితీ మాత్రం నిలిచింది. మనవాళ్ళూ అదే చెప్పారు, ఒకసారి ఏరై పారడంకంటే ఊటై ఊరడం మేలని. నువ్వు పైచదువుకు ఆ దేశం పోతే విండ్సర్ తప్పకుండా చూడు. టిక్కెట్టు దండగ పెట్టుకోకు, సాయంత్రం ప్రార్థన వేళకు పో. ప్రార్థనకు వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు. రాజుల రేకులు చూశాక ఆ పిల్లాడి ఇత్తడి ఫలకం ఎక్కడుందో అడిగి, దాని ముందు ఒక్క నిమిషం నిలబడు. అక్కడ వాడి భాషలో పలకరించేవాళ్ళు ఎవరూ లేరు, కనీసం పేరు పెట్టి పిలిచేవాడివి నువ్వవుతావు.